డబ్బా మీద కిలోలు చూసి బాల్ హెడ్ కొనకండి

ప్రశ్న: నమస్తే సార్. మాది ప్రొద్దుటూరు. ఉద్యోగం వల్ల బెంగళూరులో, మారతహళ్లిలో ఉంటున్నాను. సోనీ ఎ6400 కెమెరా, దాంతోపాటు వచ్చిన 16-50 లెన్స్‌తో శని, ఆదివారాల్లో తిరుగుతూ ఫొటోలు తీస్తుంటాను. ఈమధ్యే 70-350 లెన్స్ కొన్నాను. ఊరికెళ్లినప్పుడు గండికోటలో తెల్లవారుజామున లోయ అవతలి గట్టును జూమ్ చేసి తీద్దామని ట్రైపాడ్ మీద పెట్టాను. ఫ్రేమ్ చూసుకుని నాబ్ బిగించి చెయ్యి తీయగానే లెన్స్ ముక్కు కిందికి వాలిపోతోంది. సరిచేస్తే మళ్లీ అంతే. ఈలోగా ఎండెక్కిపోయింది. నా బాల్ హెడ్ (ట్రైపాడ్ పైన కెమెరాను పట్టుకుని, లోపలి బంతి మీద ఎటు కావాలంటే అటు తిప్పనిచ్చే భాగం) మీద 8 కిలోలు మోస్తుందని రాసి ఉంది. కెమెరా, లెన్స్ కలిపినా కిలోకి కాస్త ఎక్కువ, అంతే. మరెందుకు జారుతోంది? ఆఫీసులో ఒకాయన 44 మిల్లీమీటర్ల బంతి ఉన్నది, 25 కిలోలు మోసేది కొనమంటున్నారు. నా బడ్జెట్ 8 వేలు. ట్రైపాడ్ అల్యూమినియందే, కాళ్లు వెనక్కి మడిచే రకం, కిలోన్నర లోపు బరువు. ఎక్కువగా బస్సులో వెళ్తాను, అప్పుడప్పుడు విమానం. ఏం కొనాలో చెప్పండి.
– ఒక పాఠకురాలు, మారతహళ్లి

సమాధానం: ఏదైనా కొనే ముందు ఇంట్లోనే ఒక పని చెయ్యండమ్మా. జారుతున్నది నిజంగా బంతేనా, ఇంకేదైనానా అన్నది తేల్చుకోండి. బాల్ హెడ్ పాడైందని కొత్తది కొని, పాత సమస్యనే మళ్లీ ఇంటికి తెచ్చుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

కెమెరాకు 70-350 తగిలించి, ట్రైపాడ్ మీద పెట్టి, నాబ్ గట్టిగా బిగించండి. ఇప్పుడు లెన్స్ చివర వేలితో మెల్లగా కిందికి నొక్కుతూ, రెండో చేత్తో ఒక్కో అతుకునూ తడిమి చూడండి. ముందు కెమెరా అడుగునున్న ప్లేటు. దాని స్క్రూ కాస్త వదులైనా, ప్లేటు మీద రబ్బరు మెత్తగా ఉన్నా, కెమెరా ఆ రబ్బరు మీదే ముందుకు వాలుతుంది. బంతి కదలకుండానే ఫ్రేమ్ జారుతుంది. చాలా ప్లేట్లకు వేలితో తిప్పే రింగు ఉంటుంది, దాంతో వచ్చే బిగువు చాలదు. రూపాయి బిళ్లతోనో అలెన్ కీతోనో బిగించాలి. తర్వాత మధ్య కడ్డీ చూడండి. దాన్ని పైకి లేపి ఉంచితే ఎంత మంచి హెడ్ పెట్టినా ఊగుతుంది. పూర్తిగా దించేసి చూడండి. ఆపైన హెడ్‌కు, ట్రైపాడ్‌కు మధ్యనున్న అతుకు. బస్సు కుదుపులకు అది మెల్లగా వదులవుతుంటుంది. ఇవన్నీ గట్టిగా ఉండి, బంతి దగ్గరే కదలిక కనిపిస్తే అప్పుడు డబ్బు తీయండి.

బంతికి నూనె మాత్రం పెట్టకండి. గట్టిగా తిరుగుతోందని కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేసేవాళ్లు ఉన్నారు. బంతిని పట్టి ఉంచేదే రాపిడి, నూనె వేస్తే అదే పోతుంది. మీకు నూనె వేసే అలవాటు లేకపోయినా, ఎప్పుడైనా సన్‌స్క్రీన్ రాసుకున్న చేత్తో బంతిని ముట్టుకున్నారేమో ఆలోచించండి. పొడి గుడ్డతో బాగా తుడిచి మళ్లీ పరీక్షించండి.

ఇక మీ అసలు ప్రశ్న. 8 కిలోలు మోసేది కిలో దగ్గరే ఎందుకు తడబడుతోంది?

డబ్బా మీద రాసే కిలోలకు అన్ని కంపెనీలూ పాటించే ఒకే కొలత లేదు. ఎవరి పరీక్ష వాళ్లదే. కెమెరాను నిటారుగా, బరువంతా బంతికి సరిగ్గా పైన ఉండేలా పెట్టి లెక్కేస్తే పెద్ద అంకె వస్తుంది. మీరు లోయ మీదికి ఎక్కుపెట్టినప్పుడు జరిగేది వేరు. ఎ6400 బరువు బ్యాటరీ, కార్డుతో 403 గ్రాములు, 70-350 బరువు 625 గ్రాములు. అంటే బరువులో ఎక్కువ భాగం కెమెరాకు ముందు గాలిలో వేలాడుతోంది. పైగా ఆ లెన్స్‌కు ట్రైపాడ్ కాలర్ లేదు. కాలర్ ఉంటే లెన్స్ మధ్యలో పట్టుకుని బరువును బంతి మీదికి తెచ్చేవాళ్లం. కూరగాయల సంచి ఒంటికి ఆనించి పట్టుకోవడానికీ, చెయ్యి చాచి పట్టుకోవడానికీ ఉన్న తేడాయే ఇది. సంచిలో బరువు అంతే ఉంటుంది, నొప్పి మాత్రం భుజానికి తెలుస్తుంది. ఇక్కడ ఆ భుజం బంతి.

ఇంకో సంగతి కూడా ఉంది, నాకు ఇదే ముఖ్యమనిపిస్తుంది. మీ హెడ్ ఈ లెన్స్ వచ్చాక కొత్తగా జారడం మొదలుపెట్టి ఉండకపోవచ్చు. మొదటినుంచీ ఎంతోకొంత జారుతూనే ఉంటుంది, మీకు కనపడలేదు. లెక్క చూడండి. మీ కెమెరా ఫొటో అడ్డంగా 6000 పిక్సెళ్లు. బంతి డిగ్రీలో పదోవంతు వాలిందనుకుందాం. 16 మిల్లీమీటర్ల దగ్గర ఫ్రేమ్ మధ్యలో చిత్రం జరిగేది 7 పిక్సెళ్లు. అది ఎవరి కంటికీ ఆనదు. అదే వాలు 350 దగ్గర 150 పిక్సెళ్లు దాటుతుంది. మీరు గట్టు అంచును ఫ్రేమ్‌లో పైన మూడో వంతు గీత మీద కూర్చోబెట్టి ఉంటే అది కచ్చితంగా తప్పిపోతుంది. కెమెరాతో వచ్చిన 16-50తో బాగుందనిపించిన హెడ్ జూమ్ లెన్స్‌తో పరువు తీసేది ఇందుకే.

కాబట్టి మీరు షాపులో అడగాల్సిన ప్రశ్న ‘ఎన్ని కిలోలు మోస్తుంది?’ అన్నది కాదు. ‘బిగించాక ఎంత జారుతుంది?’ అన్నది. దానికి షాపువాళ్ల దగ్గర జవాబు ఉండదు, మీరే చూసుకోవాలి. అందుకే ఈ ఒక్క వస్తువును ఆన్‌లైన్‌లో రేటింగ్ చూసి తెప్పించుకోవడం నాకు నచ్చదు. బెంగళూరులో ఉండి కూడా అలా చేస్తే ఎలా? కెమెరా సామాను పట్టి చూసి కొనగలిగే షాపులున్న ఊరు మీది. కెమెరా, 70-350, మీ ట్రైపాడ్ మూడూ తీసుకుని వెళ్లండి. మామూలు రోజు పొద్దున్నే, జనం లేనప్పుడు వెళ్తే షాపువాళ్లు విసుక్కోరు.

హెడ్ మీ ట్రైపాడ్ మీదే బిగించమనండి. లెన్స్ 350కి తిప్పి, షాపు గుమ్మంలోంచి రోడ్డు అవతలి బోర్డు మీద ఏదో ఒక కన్నడ అక్షరాన్ని ఫ్రేమ్ మధ్యలోకి తెచ్చుకోండి. కెమెరాలో ఫోకస్ మ్యాగ్నిఫయర్ ఆన్ చేసి ఆ అక్షరం అంచును పెద్దది చేసి చూడండి. ఇప్పుడు నాబ్ బిగించండి. బిగించేటప్పుడే అక్షరం పక్కకు జరిగిందా? చెయ్యి తీశాక కిందికి దిగిందా? ఒక నిమిషం అలాగే వదిలేసి మళ్లీ చూడండి, ఇంకా దిగుతోందా? మొదటిది కొంచెం ఉన్నా సర్దుకోవచ్చు. చెయ్యి తీయగానే కాస్త దిగి ఆగిపోతే అది కెమెరా, ప్లేటు, కాళ్లు అన్నీ కలిసి వంగిన వంపు. మంచి హెడ్ మీద కూడా పూర్తిగా పోదు. నిమిషం తర్వాత కూడా దిగుతూనే ఉంటే ఆ హెడ్‌ను అక్కడే పెట్టేసి వచ్చెయ్యండి, ధర ఎంత తగ్గించినా సరే.

తర్వాత నాబ్ కొంచెం వదులు చేసి బంతిని మెల్లగా కదిపి చూడండి. నున్నగా కదలాలి. కొన్ని హెడ్లు ఆగి, ఒక్కసారిగా తప్పుకుని, మళ్లీ ఆగుతాయి. అలాంటివాటితో జూమ్ లెన్స్ ఫ్రేమ్ పెట్టడం నరకం. ఇష్టమొచ్చిన చోట ఆపలేరు. ఫ్రిక్షన్ నాబ్ విడిగా ఉన్నది తీసుకోండి. నిమ్మకాయంత పెద్ద నాబ్ పక్కనో, దాని మధ్యలోనో చిన్న చక్రంలా ఉంటుంది. దాన్ని మీ బరువుకు తగ్గట్టు ఒకసారి సెట్ చేస్తే, పెద్ద నాబ్ వదులు చేసినా కెమెరా ధబ్బున పడిపోదు. 625 గ్రాముల లెన్స్ ముందుకు కూలి గాజు ట్రైపాడ్ కాలికి కొట్టుకోవడం ఎంత ఖరీదైన చప్పుడో చెప్పక్కర్లేదు. 8 వేలలో ఈ సదుపాయం ఉన్నవి దొరుకుతాయి, లేనివాటి జోలికి పోవద్దు.

సైజు సంగతికి వద్దాం. మీ ఆఫీసాయన చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. బంతి పెద్దదయ్యేకొద్దీ పట్టు పెరుగుతుంది, ఎందుకంటే రాపిడి పనిచేసే ఉపరితలం మధ్యబిందువుకు దూరంగా ఉంటుంది. కానీ బరువు వ్యాసంతో పాటు మామూలుగా పెరగదు, వ్యాసాన్ని మూడుసార్లు గుణించిన లెక్కన (ఘనం) పెరుగుతుంది. లోపల బోలు లేని 28 మిల్లీమీటర్ల బంతి కన్నా అలాంటిదే 36 మిల్లీమీటర్ల బంతి బరువు రెండింతలకు పైనే. 44కి వెళ్తే దాదాపు నాలుగింతలు. లోపల బోలుగా చేసిన బంతులకు ఇంత తేడా ఉండదు గానీ, మొత్తం మీద 44 రకం హెడ్లు సాధారణంగా అర కిలో దగ్గర, ఆ పైన తూగుతాయి. మీ ట్రైపాడ్ మొత్తమే కిలోన్నర లోపు అంటున్నారు. దాని నెత్తిన అంత పెట్టుబడీ, అంత బరువూ అనవసరం. బలహీనత అక్కణ్నుంచి సన్నటి కాళ్లలోకి మారుతుంది, అంతే.

పైగా ఆయన మరిచిపోయిన విషయం ఒకటుంది. మీది కాళ్లు వెనక్కి మడిచే రకం. మడిచినప్పుడు ఆ మూడు కాళ్లూ హెడ్ చుట్టూ వచ్చి మూసుకోవాలి. హెడ్ లావుగా ఉన్నా, నాబులు బయటికి పొడుచుకొచ్చినా కాళ్లు మూసుకోవు. అప్పుడు ట్రైపాడ్ బస్సులో పై అరలో పట్టదు, బ్యాగు పక్క జేబులో దూరదు. షాపులో హెడ్ బిగించాక కాళ్లు మడిచి చూడండి. నాబులు రెండు కాళ్ల సందుల్లోకి వచ్చేలా హెడ్‌ను తిప్పి పెట్టి చూడాలి. హెడ్ అడుగు చక్రం ట్రైపాడ్ పై పళ్లెం కన్నా వెడల్పుగా ఉండకూడదు. అడుగున మర కూడా సరిపోవాలి. పెద్ద హెడ్లకు సాధారణంగా 3/8 అంగుళం మర ఉంటుంది, కొన్ని చిన్న ట్రైపాడ్లకు పావు అంగుళం స్క్రూ ఉంటుంది. మధ్యలో వేసుకునే చిన్న బుష్ దొరుకుతుంది గానీ, అది ఇంకో అతుకు. లేకపోతే మంచిది.

మీకు నేనైతే 36 మిల్లీమీటర్ల దగ్గర బంతి, 300 నుంచి 450 గ్రాముల మధ్య బరువు, పొట్టిగా ఉండే హెడ్ చూడమంటాను. పొట్టిదైతే కెమెరా బంతికి దగ్గరగా కూర్చుంటుంది, ఊపు తగ్గుతుంది. డబ్బా మీద 10 అని ఉన్నా 20 అని ఉన్నా పట్టించుకోకండి. కంపెనీ పేరు కావాలంటే బెన్రో, సిరుయి, లియోఫోటో, మ్యాన్‌ఫ్రొట్టో లాంటివి మన దగ్గర దొరుకుతున్నవే. వాటిలోనూ ఒకే మోడల్ రెండు పీసులు ఒకేలా ఉండాలని లేదు. షాపులో రెండు పెట్టించుకుని పోల్చండి.

క్లాంపు, అంటే హెడ్ పైన ప్లేటును పట్టి బిగించే భాగం విషయంలో మాత్రం మొండిగా ఉండండి. ఆర్కా-స్విస్ రకం ప్లేటు పట్టేదే తీసుకోండి. పక్కన వాలుగా చెక్కిన అంచులతో, సుమారు 38 మిల్లీమీటర్ల వెడల్పు ఉండేది. ఇప్పుడు ఎక్కువ కంపెనీలు దాన్నే వాడుతున్నాయి, రేపు హెడ్ మార్చినా ప్లేటు మార్చక్కర్లేదు. మ్యాన్‌ఫ్రొట్టో కొంటే ఒకసారి చూసుకోండి, వాళ్ల పాత ఆర్‌సీ2 ప్లేటు వేరే ఆకారం, దీంట్లో పట్టదు. మీ పాత ప్లేటు ఏ రకమో ఉత్తరంలో రాయలేదు. అంచులు వాలుగా ఉంటే పనికొస్తుంది. అయితే ఆర్కా రకం అని చెప్పేవన్నీ వెంట్రుకవాసి తేడాతో ఉంటాయి. అందుకే మీటలా టక్కున మూసే క్లాంపు కన్నా స్క్రూ తిప్పి బిగించే క్లాంపు మేలు. మీట క్లాంపుకు ఒక కంపెనీ ప్లేటు బిగుతుగా, ఇంకో కంపెనీది వదులుగా ఉంటుంది. స్క్రూకు ఆ బాధ లేదు, రెండు సెకన్లు ఆలస్యం అంతే. ప్లేటు అడుగున రెండు చివర్లా చిన్న ఆపుడు స్క్రూలు ఉన్నాయో లేదో చూడండి. క్లాంపు పొరపాటున వదులైనా కెమెరా జారి కింద పడకుండా అవే ఆపుతాయి. చాలామంది వాటిని అడ్డమని పీకేస్తారు.

మీ కెమెరాలో బ్యాటరీ, కార్డు రెండూ అడుగు మూతలోంచే తీయాలి. వెడల్పాటి ప్లేటు పెడితే ఆ మూత తెరుచుకోదు, ప్రతిసారీ ప్లేటు ఊడదీయాలి. అలా ఊడదీసి పెట్టే తొందరలోనే స్క్రూ సగం బిగుస్తుంది, మళ్లీ మొదటి సమస్య మొదలు. చిన్న ప్లేటు, లేదా ఎ6400కి సరిపోయేలా మూతకు దారి వదిలిన ఎల్ బ్రాకెట్ (కెమెరా అడుగునూ ఒక పక్కనూ పట్టుకునే ‘ఎల్’ ఆకారపు ప్లేటు) తీసుకోండి. నిలువు ఫొటోలు ఎక్కువ తీసేవాళ్లకు ఎల్ బ్రాకెట్ చాలా సుఖం. అది లేకపోతే బంతిని పక్కనున్న గాడిలోకి పూర్తిగా వంచాలి. కెమెరా పక్కకు వేలాడుతుంది, తేలికపాటి ట్రైపాడ్ అటే ఒరుగుతుంది, ప్లేటు మెల్లగా తిరిగిపోతుంది. 70-350తో నిలువు ఫ్రేమ్ గాడిలో పెట్టి తీయాలంటే చాలా ఓపిక కావాలి.

అడుగున తిరిగే ప్యాన్ చక్రం, దానికి విడి నాబ్ ఉన్నదే తీసుకోండి. గండికోటలో పెన్నా వంపును నాలుగైదు ఫొటోలుగా తీసి అతికించాలంటే అది కావాలి. ఒక చిక్కు మాత్రం ఉంది. ప్యాన్ బంతికి కింద ఉంటుంది కాబట్టి, ట్రైపాడే వాలుగా ఉంటే కెమెరాను బంతితో మట్టం చేసినా తిప్పినకొద్దీ అంచు పైకో కిందికో పోతుంది. రాళ్ల మీద కాళ్లు సమానంగా సర్దడం ఎంత తలనొప్పో మీకు తెలుసు. బంతికి పైన కూడా తిరిగే క్లాంపు ఉన్న హెడ్లు ఉన్నాయి. వాటిలో బంతితో మట్టం చేసి పైభాగం తిప్పితే సరిపోతుంది. ధర, ఎత్తు, బరువు పెరుగుతాయి. పనోరమాలు మీ ఉత్తరంలో ఎక్కడా కనిపించలేదు గనక నేనైతే ఆ డబ్బు ఎల్ బ్రాకెట్‌కు పెడతాను. అన్నట్టు, హెడ్ మీదుండే చిన్న రసమట్టం అలంకారమే. మీ కెమెరా తెరలో మట్టం చూపించే గీత ఉంది, అది వాడండి.

కొత్త హెడ్ వచ్చాక కూడా 350 దగ్గర తీసేటప్పుడు కొన్ని అలవాట్లు తప్పవు. స్టెడీషాట్ (చేతి వణుకును సర్దే స్టెబిలైజేషన్‌కు సోనీ పెట్టిన పేరు) మెనూలో ఆఫ్ చెయ్యండి, 2 సెకన్ల టైమర్ పెట్టండి, గాలి ఎక్కువగా ఉంటే లెన్స్ హుడ్ తీసెయ్యండి. గండికోట అంచు మీద గాలి ఎలా కొడుతుందో మీకు నేను చెప్పాలా? మధ్య కడ్డీకి బ్యాగు వేలాడదీస్తే బ్యాగే ఊగి కెమెరాను ఊపుతుంది. అడుగు నేలకు ఆనేలా వేలాడదీయండి. కొత్త హెడ్ ఎంత మంచిదైనా, ఫ్రేమ్‌ను కావాల్సినదాని కన్నా పిసరంత పైకి పెట్టి బిగించడం చాలామంది చేసే పనే. ఆ పిసరు ఎంతో చేతికి అలవాటవుతుంది. ఇప్పుడున్న హెడ్‌తో కూడా ఇది పనిచేస్తుంది. వచ్చే వారమే ఎక్కడికైనా వెళ్తుంటే ఇలా లాగించెయ్యండి.

డబ్బు పెట్టే ముందు ఒక శనివారం అద్దెకు తెచ్చుకుని చూసినా మంచిదే. బెంగళూరులో కెమెరాలు, లెన్సులు అద్దెకిచ్చేవాళ్లు ట్రైపాడ్ హెడ్లు కూడా ఇస్తారు. సెకండ్ హ్యాండ్ దొరికితే బంతి మీద గీతలు, నొక్కులు చూడండి. ఒకే చోట సొట్ట ఉంటే అది కిందపడిందని అర్థం, వదిలెయ్యండి.

విమానం సంగతి చెప్పాలంటే, ట్రైపాడ్‌ను చెక్-ఇన్ లగేజీలో వేసెయ్యండి. చేతిలో పట్టుకెళ్తే సెక్యూరిటీ దగ్గర ఆపాలా వద్దా అన్నది అక్కడి అధికారి ఇష్టం, ఆ టెన్షన్ ఎందుకు? హెడ్ ఊడదీసి బట్టల మధ్యలో చుట్టి పెడితే నాబులు విరగవు. అలెన్ కీ కూడా అందులోనే వేసుకోండి, దిగాక హెడ్, ప్లేటు మళ్లీ బిగించాలిగా.

చివరిగా ఒక మాట, మీరు అడగలేదు గానీ దారిలో ఎదురయ్యేదే. లేపాక్షి, హంపి లాంటి కేంద్ర పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్ వాడాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. లేకపోతే గేటు దగ్గరే పెట్టించేస్తారు. చేత్తో తీసేటప్పుడు ఎ6400 బాడీలో స్టెబిలైజేషన్ లేదన్నది గుర్తుంచుకోండి, మీ రెండు లెన్సుల్లోనూ ఉంది. ట్రైపాడ్ కోసం మెనూలో ఆఫ్ చేసిన స్టెడీషాట్‌ను అప్పుడు మళ్లీ ఆన్ చెయ్యాలి.